బల్ల కింద అరచెయ్యి

నా ఎడమ కనుబొమ్మ మూడుసార్లు కాలింది. మూడుసార్లూ కాల్చింది ఒక్క మనిషే. మూడుసార్లూ నేను ఆయన్ని తిట్టాను, మూడుసార్లూ ఆయన "తప్పు నాదేనండి" అన్నాడు, మూడుసార్లూ కనుబొమ్మ మళ్ళీ మొలిచింది. మూడోసారి మాత్రం కాస్త పల్చగా మొలిచింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసేవాళ్ళు నన్ను ముఖం కొంచెం అటు తిప్పమంటారు.

రామచంద్రపురంలో మాకు బట్టల కొట్టు. మామూలు రోజుల్లో జాకెట్టు ముక్కలు చింపేవాణ్ణి, నాటకాలున్న రోజుల్లో రాక్షసరాజు వేషం కట్టేవాణ్ణి. మా నాన్నగారికి రెండోది ఇష్టం లేదు. మొదటిదయినా నేను సరిగ్గా చేస్తున్నానని ఆయన ఎప్పుడూ అన్నట్టు గుర్తు లేదు. మా సమాజం ఆడేది ఒక్కటే నాటకం, మా ఊరి తెలుగు మేష్టారొకరు రాసింది. అందులో దేవుడు లేడనే రాజుని నేను. ఉన్నాడనే కొడుకు ఎప్పటికప్పుడు ఎవరో ఒక హైస్కూలు అమ్మాయి. చివర్లో స్తంభం బద్దలుకొట్టుకుని వచ్చే నరసింహస్వామి పోస్టాఫీసులో గుమాస్తా. పగలంతా ఉత్తరాల మీద ముద్రలు కొట్టి కొట్టి ఆయన భుజాలు ఆ వేషానికి బాగా పనికొచ్చేవి.

నాకు మంచి గొంతుంది. ఈ మాట నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పాల్సినవాళ్ళు చాలామంది పోయారు. పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు. అన్నారంటే నటుడు కథని ఎక్కడిదక్కడ ఆపి, ప్రాణం పోతున్న పాత్రయినా సరే లేచి, జనానికి దణ్ణం పెట్టి, మళ్ళీ మొదటి పాదం నుంచి పాడాలి. పాడకపోతే పొగరుబోతు కింద లెక్క. నేనెప్పుడూ ఆ నింద పడలేదు. కొన్ని ఊళ్ళలో వాళ్ళు సగం అడిగితేనే నేను మొత్తం పాడేసేవాణ్ణి. ఒకసారి వెనకాల ఎవడో తోటివాణ్ణి పిలిస్తే అది కూడా వన్స్‌మోరే అనుకుని పాడానని మా ఆవిడ ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పేది. అది అబద్ధం కాదు.

ఇంత గొంతుకీ ఒక అవలక్షణం అంటుకుని ఉంది. రాగం ముగించేటప్పుడు నా ఎడమ మడమ దానంతటదే లేచి, ధన్‌మని నేల మీద పడుతుంది. నాకు పద్యం నేర్పిన మేష్టారు దాన్ని మాన్పించడానికి బెత్తం వాడారు, కాలు బెంచీకి కట్టి చూశారు. కాలు కట్టేస్తే రాగం చివర తేలిపోయేది. ఆఖరికి ఆయన, పోనీలే, ఎలాగూ రాక్షసుడివే కదా అని వదిలేశారు.

ఇక స్తంభం సంగతి. తొంభైల మొదట్లో మా స్తంభం అట్టతో చేసింది. రెండు సగాలు. చెరోవైపూ ఒక మనిషి తాడు లాగితే విడిపోవాలి. అదే క్షణంలో ఇంకొకాయన కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి విసిరితే భగ్గున మంట లేవాలి. మా తాతల నాటి నుంచీ స్టేజీ మీద మంటంటే అదే. ద్రాక్షారామం దగ్గర ఒక ఊళ్ళో ఆడినప్పుడు ఎడమ తాడు మేకుకి తగులుకుంది. కుడి సగం పోయింది, ఎడమ సగం నిలబడి ఉంది. గుగ్గిలం మనిషి టీకి వెళ్ళాడు. స్వామివారు లోపల కాసేపు ఎదురుచూసి, ఇక లాభం లేదనుకుని, పక్కనుంచి నడుచుకుంటూ వచ్చారు.

ఆ రోజు మైకు పాడయితే బాగుచెయ్యడానికి మా ఊళ్ళో మోటార్ల వైండింగ్ షాపాయన్ని వెంట తీసుకెళ్ళాం. నాకంటే పదేళ్ళు పెద్ద. కాలవ వంతెన దగ్గర ఆయన షాపు. చేలల్లో కాలిపోయిన మోటార్లు తెచ్చి పడేస్తే రాగి తీగ మళ్ళీ చుట్టి ఇచ్చేవాడు. మాటలు తక్కువ. ఏమడిగినా "ఆయ్" అనేవాడు. మా వైపు అది అన్ని ప్రశ్నలకీ సరిపోయే జవాబు. నాటకం అయిపోయాక తిన్నగా నా దగ్గరికొచ్చి, వాళ్ళింట్లో ఎవరో పోయారన్నట్టు ముఖం పెట్టి నిలబడ్డాడు.

"దేవుడు పక్కనుంచి రావడం ఏంటండి?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆయన జీవితం ఆ దారి పట్టింది. ఆర్నెల్లు ఎవరికీ ఏమీ చెప్పకుండా పెరట్లో ఏదో చేసి, ఒక ఆదివారం మధ్యాహ్నం నన్నూ పోస్టాఫీసాయన్నీ పిలిచాడు. పెరట్లో కొత్త స్తంభం. దాని వెనక నుంచి వైర్లు, వైర్ల చివర బ్యాటరీ, స్విచ్చి. కాగడా లేదు, కాగడా పట్టుకునే మనిషి లేడు. లోపల రేకు గిన్నెల్లో ఏముందో నాకు తెలియదు. తెలిసినా చెప్పను, ఆయన భార్యకి మాటిచ్చాను. నేను గదతో కొట్టాను. ఏమీ కాలేదు. ఏమైందోనని వంగి చూశాను. అప్పుడయింది. స్తంభం నిలువునా విచ్చుకుంది, తెల్లటి వెలుగు, ఎర్రటి పొగ, ఆ పొగలోంచి పోస్టాఫీసాయన దగ్గుతూ వచ్చాడు. అది మొదటి కనుబొమ్మ. కళ్ళు నీళ్ళు కారుతున్నా, ఇంత అందమైనది నేను స్టేజీ మీద ఎప్పుడూ చూడలేదని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనకి చెప్పకుండా ముందు తిట్టాను.

రెండో కనుబొమ్మకి కారణం గాలి. మన గోదావరి గాలికి వేయించిన అప్పడమే అరగంటలో మెత్తబడుద్ది, మందెంతండి అని ఆయనే అనేవాడు. చెమ్మ పట్టిన మందు ఉండి ఉండి ఆలస్యంగా అంటుకుంది, నా ముఖం మళ్ళీ అక్కడే ఉంది. ఆ తరవాత మందు డబ్బాల్ని పెద్ద బియ్యం డబ్బాలో బియ్యం మధ్య పాతిపెట్టి తేవడం మొదలుపెట్టాడు. ఆ బియ్యం మళ్ళీ తన వంటింటి గడప తొక్కకూడదని ఆయన భార్య షరతు.

మా రెండు గోదావరి జిల్లాల్లో స్టేజీ మీద నిప్పుని వైరుతో వెలిగించింది ఆయనే మొదట అని నేను అనుకుంటాను. కాదనేవాళ్ళుంటే వాళ్ళకి ఎన్ని కనుబొమ్మలు కాలాయో చెప్పమనండి. ఇతర సమాజాలవాళ్ళు కూడా పిలిచేవారు. ఆకాశంలోంచి దిగే దేవతల కింద పొగ పరిచాడు. బాణాల చివర మెరుపులు పెట్టాడు. ఒకసారి మండపేటలో తామరపువ్వు చేశాడు, అది విచ్చుకుని లోపల్నుంచి వెలుగు రావాలి. విచ్చుకుంది, వెలుగూ వచ్చింది, మళ్ళీ ముడుచుకోలేదు. తరవాతిది యుద్ధరంగం. ఆ యుద్ధమంతా తామరపువ్వు చుట్టూ జరిగింది.

ఏ ఊరెళ్ళినా ఆయన అడిగే మొదటి మాట "బోరింగెక్కడండి?" అని. నాలుగు బకెట్ల ఇసక, రెండు బకెట్ల నీళ్ళు, తడిపిన గోనెపట్టాలు సర్దాక గానీ వైరు ముట్టుకునేవాడు కాదు. ఆయన్ని చూసి ఒకరిద్దరు దీపావళి సామాను స్టేజీ ఎక్కించి పేరు తెచ్చుకోవాలని చూశారు. వాళ్ళ చప్పుడు ఈయనదానికి రెండింతలు ఉండేది. నేనది చెబితే నవ్వాడు.

"చప్పుడు ఎవడైనా చేత్తాడండి. వేళకి చెయ్యాలి. వేళ తప్పిందంటే అది చప్పుడేనండి, దేవుడు కాదు."

వేళ ఆయన ఎలా పట్టేవాడో చెప్పాలి. మా వైపు ఊళ్ళలో స్టేజీ అంటే డ్రమ్ముల మీద పరిచిన బల్లలు. ఆయన ఆ బల్లల కింద, గోనెపట్టా వేసుకుని, స్విచ్చి పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. పైన నేను ఆఖరి పద్యం పాడి, రాగం తీసి ముగించి, గద ఎత్తి స్తంభాన్ని కొట్టాలి. రాగం ముగియడానికీ గద తగలడానికీ మధ్య ఎంత వ్యవధి ఉంటుందో ఆయనకి ఒంటబట్టేసింది. కింద ఉన్న మనిషికి నేను కనపడను. విని నొక్కేవాడు. కొన్నేళ్ళయ్యాక బల్ల మీద సుద్దతో గుండ్రంగా గీత గీసి, రాజుగారండీ, రాగం ముగించేటప్పుడు మీ ఎడం కాలు ఇందులోనే ఉండాలండి అని చెప్పాడు. ఆయన నన్ను స్టేజీ కిందా రాజుగారనే పిలిచేవాడు. బట్టల కొట్లో రాజుగారెవరని బేరాలకొచ్చినవాళ్ళు వెతుక్కునేవాళ్ళు. ఆ గీత నా కనుబొమ్మ క్షేమం కోసమే అనుకుని నేను మనసులో మెచ్చుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కొవ్వూరులో ఆడాం. ముందు వరసలో పద్యమంటే చెవి కోసుకునే పెద్దాయనొకడు కూర్చున్నాడు. మామూలుగా ఆ ఆఖరి పద్యానికి ఎవరూ వన్స్‌మోర్ అడగరు. స్తంభం కోసం ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. ఆ రోజు నేను రాగం పై అంచులో ఉండగా ఆ పెద్దాయన లేచి నిలబడి వన్స్‌మోర్ అని అరిచాడు. ఆయన వెనక ఊరంతా అరిచింది. నేను రాగం అక్కడే తెంచి, గుండె ఉప్పొంగి, దణ్ణం పెట్టాను. మడమ దాని పని అది చేసింది. మొదటి పాదం ఎత్తుకున్నాను.

స్తంభం పేలింది.

నేను దాని పక్కనే ఉన్నాను గనక మూడో కనుబొమ్మ కూడా అప్పుడే పోయింది. పొగలోంచి స్వామివారు పళ్ళూ గోళ్ళూ చూపిస్తూ వచ్చి నిలబడ్డారు. వన్స్‌మోర్ ఒప్పుకున్నాక పద్యం మధ్యలో ఆపడం మర్యాద కాదు. అందుకని ఆయన పక్కనే నిలబడి, నీ దేవుడెక్కడున్నాడు, ఈ స్తంభంలో ఉన్నాడా అని కొడుకుని నిలదీసే పద్యం నాలుగు పాదాలూ పాడాను. మూడో పాదంలో స్వామివారికి చేతులు నొప్పెట్టి దించారు. నాలుగో పాదంలో మళ్ళీ ఎత్తారు. కొడుకు వేషం కట్టిన అమ్మాయి తెలివైనది, పద్యం అయిపోగానే, ఇక్కడే ఉన్నారు నాన్నగారూ అని చెయ్యి చూపించింది. జనం అంతలా నవ్వడం నేను ఏ హాస్యనాటకంలోనూ చూడలేదు.

మర్నాడు మా సమాజం కార్యదర్శిగారు అందర్నీ కూర్చోబెట్టారు. ఆయన రిటైరయిన హెడ్మాస్టరు, తప్పు ఎవరిదో తేలందే ఆయనకి కాఫీ దిగదు. ఊరంతా వన్స్‌మోర్ అంటుంటే, మళ్ళీ పద్యం మొదలయిందని తెలుస్తుంటే, కింద కూర్చున్న మనిషి ఎందుకు నొక్కాడన్నది ప్రశ్న. ఆయన తప్పు నాదేనండి అన్నాడు, అంతకుమించి ఒక్క ముక్క లేదు. నా కనుబొమ్మ మంట పుడుతోంది. నవ్విన నవ్వులింకా చెవుల్లోనే ఉన్నాయి. చెవుల్లో దూది గాని పెట్టుకుని కూర్చున్నారా అని అందరి ముందూ అడిగేశాను.

ఆయన నా నోటికేసి చూస్తూ, "లేదండి. దూది పెట్టుకోలేదండి. అదేనండి తప్పు," అన్నాడు.

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. కార్యదర్శిగారు తీర్పు చెప్పారు. ఇంకో రెండు నెలల్లో రాజమండ్రిలో నాటకపోటీలు. అక్కడ ఆయనకి ఆఖరి అవకాశం. వేళ తప్పితే ఇక మీదట నిప్పు మాటే ఉండదు, ఒక ఎర్రలైటూ, టేపురికార్డరులో చప్పుడూ పెట్టుకుంటాం అన్నారు. టేపురికార్డరు మాట వినగానే ఆయన ముఖం, దేవుడు పక్కనుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా అయింది.

నా కోపం నాలుగు రోజులయినా దిగలేదు. కొంచెం మిగిలింది కూడా తిట్టేద్దామని షాపుకెళ్ళాను. ఆయన వీపు ఇటు తిప్పి, తిరుగుతున్న మోటారు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పిలిచాను. మోటారు చప్పుడు కదా అని గట్టిగా పిలిచాను. మోటారు ఆపాడు. మళ్ళీ పిలిచాను. తల తిప్పలేదు. లోపల్నుంచి ఆయన భార్య వచ్చి, నన్ను చూసి, చెక్కమెట్టు మీద కాలితో రెండుసార్లు కొట్టింది. అప్పుడు వెనక్కి తిరిగాడు.

ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. పేలుళ్ళ చప్పుడుకి కుడి చెవి నాలుగేళ్ళ కిందటే పోయిందట. ఎడంది పోయి ఏడాది. కాకినాడలో డాక్టరు దూది పెట్టుకోమంటే పెట్టుకునేవాడట, ఒక్క మా నాటకానికి తప్ప.

"దూదెట్టుకుంటే మీ రాగం చివర వినపడట్లేదని తీసేసేవారండి," అంది ఆవిడ. నన్ను తప్పుపట్టినట్టు కాదు, ఇంట్లో పంచదార నిండుకుందని చెప్పినట్టు చెప్పింది.

వన్స్‌మోర్ కోసం ఆ రాగాన్ని ఏటికేడాదీ సాగదీసినవాణ్ణి నేనే. దాని కొస ఎక్కడుందో వెతుక్కుంటూ ఆయన చెవులు ఖాళీగా పెట్టుకుని బల్లల కింద కూర్చున్నాడు. అలాంటి మనిషిని చెవుల్లో దూది పెట్టుకున్నారా అని అడిగాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆయన నా ఎదురుగా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చెవులు పోయాక తన పని ఎలా చేస్తున్నదీ చెప్పాడు. సుద్దగీత సరిగ్గా తన తల మీదికి వచ్చేట్టు గీసేవాడట. బల్ల అడుగున అరచెయ్యి ఆనించి ఉంచేవాడట. నా మడమ పడితే రాగం అయిపోయినట్టు. "మీ మడమ నాకు చేత్తో వినపడుద్దండి," అన్నాడు. ఆ మడమ ఏడాదిలో ఒక్కసారీ ఆయన్ని మోసం చెయ్యలేదు, కొవ్వూరులో తప్ప.

"చెప్పేత్తారా?" అని అడిగాడు. కార్యదర్శిగారికి అని.

చెప్పాలి. స్టేజీ మీద ఇంకా ముగ్గురు నలుగురం ఉంటాం, అందులో ఒక పిల్ల. నిప్పుతో చెలగాటం మంచిది కాదు. అలా అని చెబితే ఆ మనిషి మోటార్ల మధ్య మిగిలిపోతాడు. అందుకని ఆ ముగ్గురు నలుగురికే చెప్పాం, కార్యదర్శిగారికి చెప్పలేదు. అమ్మాయి వాళ్ళ నాన్నగారు, మా అమ్మాయి స్తంభానికి పదిహేనడుగుల అవతల నిలబడుతుంది కదా అని కొలిపించి మరీ ఒప్పుకున్నారు. పోస్టాఫీసాయన, ఏళ్ళ తరబడి ఆయన్ని నమ్మే స్తంభంలో కూర్చుంటున్నాను, వినపడే రోజుల్లో మాత్రం నా మాట విన్నాడా, పొగ తగ్గించమంటే తగ్గించాడా అన్నాడు. స్విచ్చిలు రెండు పెట్టాలని అనుకున్నాం. ఒకటి ఆయన భార్య చేతిలో ఉంటుంది. స్తంభం దగ్గర అంతా సవ్యంగా ఉంటేనే ఆవిడ దాన్ని నొక్కి పట్టుకుంటుంది. ఆవిడ వదిలేస్తే ఈయన ఎంత నొక్కినా వెలగదు. రాగం ముగింపు కూడా ఆవిడే విని ఈయన్ని తట్టి చెప్పొచ్చుగా అన్నాను. ఆవిడ విని, తట్టి, నేను నొక్కేసరికి మీ గద తగిలి అరక్షణం అయిపోద్దండి అన్నాడు. అరక్షణం ఆలస్యంగా వచ్చే దేవుణ్ణి ఆయన ఒప్పుకోడు.

"ఒక్కటేనండి. మీ కాలు ఒక్కసారే పడాలి," అన్నాడు.

అంటే ఆ పద్యానికి వన్స్‌మోర్ లేదు. రాగం మధ్యలో తెంచితే మడమ పడుతుంది. కొట్లో తలుపులేసుకుని, మడమ పడకుండా ఆగడం సాధన చేశాను. పదిసార్లలో ఏడుసార్లు పడింది. సరే, అడిగినా పాడను అని మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు పెద్ద కష్టమనిపించలేదు. ఎవరడుగుతారులే అనుకున్నాను.

పోటీకి వారం ముందు ఆయన రాజమండ్రి వెళ్ళి హాలు చూసొచ్చి, మా కొట్టు మెట్ల మీద కూలబడ్డాడు. "గచ్చండి," అన్నాడు. అక్కడ స్టేజీ మొత్తం సిమెంటు. కింద కూర్చోడానికి చోటు లేదు, చెయ్యి ఆనించడానికి చెక్క లేదు. కాసేపటికి ఆయన చూపు మా కొట్టు బల్ల మీద ఆగింది. తాతగారి నాటి టేకుబల్ల, పన్నెండడుగుల పొడుగు, దాని మీదే బట్ట కొలిచి చింపేది. నేను కాదనేలోపే దాని కింద చెయ్యి పెట్టి, రెండో చివర మడమతో కొట్టమన్నాడు. కొట్టాను. ఆయన ముఖం విప్పారింది.

మూడు రోజులు మా కొట్లో నేల మీద చాప వేసి బట్టలమ్మాం. మా నాన్నగారు ఏమీ అనలేదు, ఆ మూడు రోజులూ కొట్టుకి రాలేదంతే. బల్లకి అటూ ఇటూ చిన్న చిన్న దిమ్మలు పెట్టి ఎత్తి, ఒక చివర నా కింద, రెండో చివర స్తంభం వెనక తెర చాటున ఆయన దగ్గరికి వచ్చేట్టు వేశాం. మీద ఎర్ర తివాచీ పరిచాం. ఇదేమిటని కార్యదర్శిగారడిగితే రాజు నడిచే దారి అని చెప్పాం. ఆయన చాలా హుందాగా ఉందన్నారు.

మా వంతు ఆదివారం పగలు పదకొండు గంటలకి వచ్చింది. కిటికీలకి నల్లగుడ్డలు కట్టిన హాలు నిండిపోయింది. ముందు ముగ్గురు న్యాయనిర్ణేతలు. నా గొంతు ఆ రోజు ఎందుకో ఎప్పుడూ లేనట్టు పలికింది. ఆఖరి పద్యానికి సుద్దగీతలో కాలు పెట్టి నిలబడ్డాను. నాలుగు పాదాలూ అయ్యాయి. రాగం ఎత్తాను. అది నా చేతుల్లోంచి జారి దానంతటదే పైకి పోతున్నట్టుంది. అప్పుడు వెనక వరసలోంచి ఒకరు అరిచారు. తరవాత మధ్యలోంచి. తరవాత హాలంతా లేచి, కాళ్ళతో నేల తన్నుతూ, వన్స్‌మోర్ వన్స్‌మోర్ అని ఒకటే గోల. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకాయన బల్ల చరుస్తున్నాడు. నా జన్మలో అలాంటి వన్స్‌మోర్ అంతకు ముందు రాలేదు, తరవాతా రాలేదు. నిజం చెబుతున్నాను, ఆగిపోదామనే అనిపించింది. ఆయన అరచెయ్యి తెర చాటున ఉంది, కనపడదు. అయినా నాకది కనపడింది.

ఆగలేదు. ఆ గోల మీదుగానే రాగం లాక్కెళ్ళి ముగించాను. మడమ పడింది. గద ఎత్తి కొట్టాను. గద తగిలిందో, తగలబోతోందో, ఆ సందులో స్తంభం నిలువునా విచ్చుకుంది. వెలుగు ముందు వచ్చింది, చప్పుడు తరవాత వచ్చింది, పొగ విడేసరికి స్వామివారు ఎదురుగా నిలబడి ఉన్నారు. వన్స్‌మోర్ అన్న నోళ్ళన్నీ అలాగే తెరుచుకుని ఉండిపోయాయి. నా ఒంటి మీద ఒక్క వెంట్రుక కాలలేదు.

పద్యపఠనం బహుమతి ఇంకో సమాజం నటుడికిచ్చారు. మాకు రంగాలంకరణ బహుమతి వచ్చింది, కార్యదర్శిగారు అందుకున్నారు. నిప్పు పనికి విడిగా బహుమతి లేదు. కిందికి దిగాక బల్ల చరిచిన న్యాయనిర్ణేత నన్ను ఆపి, గొంతుంది నాయనా, వినయం లేదు, అంతమంది అడుగుతుంటే వినపడలేదా అని అడిగారు. వినపడలేదండి అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి వెళ్ళిపోయారు.

ఆ తరవాత ఆయన మరో ఐదారేళ్ళు మా స్తంభం పేల్చాడు, ఒక్కసారీ వేళ తప్పలేదు. ఆ ఐదారేళ్ళూ నేను ఆ పద్యానికి వన్స్‌మోర్ తీసుకోలేదు. నాకు తలపొగరని రెండు జిల్లాల్లో స్థిరపడిపోయింది. మా బల్ల ఎర్ర తివాచీతో సహా ప్రతి ఆటకీ వచ్చేది, కొట్టుకి మేం కొత్త బల్ల చేయించుకున్నాం. కార్యదర్శిగారు పోయేదాకా ఆయనకి సంగతి తెలియదు. తెలిసినా ఆయన చేసే తీర్పు ఏముంది, అప్పటికి టేపురికార్డర్లే పోయాయి.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ ఆదివారం తిరుగుప్రయాణం. ఎండ ఇంకా తగ్గలేదు. కడియం దాటాం, రోడ్డుకి రెండు పక్కలా పూలమొక్కల తోటలు. వ్యానులో టేకుబల్ల మధ్యన పెట్టి, అటు ఆయనా ఆయన భార్యా, ఇటు నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ కునుకుతోంది. ఆయన బల్ల మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"జనం అరిచారండి," అన్నాడు.

మీ స్తంభం చూసి అరవరా మరి అన్నాను, ఆయనకి తెలిసేట్టు నిదానంగా.

"కాదండి. మీ మడమ పడకముందే వణికిందండి బల్ల. చాలాసేపు వణికింది. కొవ్వూర్లోనూ అలాగే వణికింది, అప్పుడదేంటో నాకు తెలీలేదు." బల్ల మీద నుంచి చెయ్యి తీశాడు. "అంతసేపు అరిచినా మళ్ళీ పాడలేదేంటండి?"

"వినపడలేదండి," అన్నాను.

ఆయన నా పెదాలకేసే చాలాసేపు చూశాడు.

"ఆయ్," అన్నాడు.

తరవాత ముఖం తోటల వైపు తిప్పుకుని కండువాతో కళ్ళొత్తుకున్నాడు. నేనూ రుమాలు తీసుకుని తుడుచుకున్నాను. మేకప్పు సరిగ్గా కడుక్కోలేదేమో, పెన్సిలుతో గీసుకున్న ఎడమ కనుబొమ్మ రుమాలుకి అంటుకుని వచ్చేసింది.